నేలమాళిగ త్రవ్వుటకు వ్యయమును అంచనా వేయు విధము

ఇల్లు కట్టదలచిన గృహస్థుడు మేస్త్రీని మొట్టమొదట అడుగు ప్రశ్న “మొత్తము ఎంత యగును?” అనునదియే. మేస్త్రీ నోటికి వచ్చిన మొత్తమును చెప్పును. గృహస్థుడు దానిని నమ్మి పని మొదలు పెట్టును. గోడలు, తలుపులు, పైకప్పు మొదలగువాని వ్యయమును కొంతవరకు కంటితో చూచి ఊహింపవచ్చును. కాని నేల లోపలి పని యట్టిది కాదు. అది కంటికి కనబడదు. త్రవ్విన కొలదిని క్రొత్త సంగతులు బయలుపడును. అందుచేతనే భూమిని త్రవ్వు పనులలో అంచనాలు తరచుగా తప్పుచుండును. 1859లో ఆరంభించి 1869లో తెరువబడిన సూయజ్ కాలువకు అయిన వ్యయము మొదటి అంచనాకు రెట్టింపు దాటెను. గొప్ప గొప్ప ఇంజనీర్లు వేసిన లెక్కయే అట్లయినప్పుడు, లెక్కయే వేయక త్రవ్వకమునకు దిగు గృహస్థుని గతి యేమి?

మన వైరా ప్రాంతమున వేసవి యెండ మిక్కిలి తీవ్రముగా నుండును. ధాన్యము, పప్పులు, గింజలు నిలువ చేసికొనుటకును, మధ్యాహ్నపు వేడిమి నుండి తప్పించుకొనుటకును ఇంటి క్రింద నొక చల్లని గది యుండిన బాగుండునని కొందరు తలంచుచున్నారు. భూమిలో పది అడుగుల లోతున పగటి వేడిమియు రాత్రి చలియు అంతగా సోకవు గనుక ఆ తలంపు తప్పు కాదు. అయితే అట్టి గదిని త్రవ్వుటకు ఎంత మట్టి తీయవలెను, ఎందరు ఎన్ని దినములు పని చేయవలెను, ఎంత ధనము కావలెను, ఏయే అపాయములు కలవు అను సంగతులను ముందుగా కాగితము మీద తేల్చుకొనవలెను. ఈ పాఠము పై తరగతుల విద్యార్థులకు క్షేత్రగణితమున అభ్యాసముగాను, తల్లిదండ్రులకు గృహకృత్యమున సహాయముగాను ఉండునట్లు వ్రాయబడినది.

1. మొదట నేలను పరీక్షింపవలెను

లెక్కకు పూర్వము నేల యెట్టిదో తెలిసికొనవలెను. మన ప్రాంతమున ఒకే గ్రామములో నల్లరేగడియు ఎఱ్ఱ చెలకయు ప్రక్కప్రక్కనే కానవచ్చును. పైన రెండు మూడు అడుగులు రేగడి, దాని క్రింద మొరము, ఆ క్రింద కుళ్లిన రాయి, అంతకు దిగువ గట్టి రాయి యుండుట సామాన్యము. ఒక్కొక్క పొరను త్రవ్వుటకు ఒక్కొక్క విధమైన శ్రమ కావలెను. రేగడికి పార చాలును. మొరమునకు గడ్డపార కావలెను. గట్టి రాతికి యంత్రము కావలెను. కాబట్టి త్రవ్వదలచిన చోట మనుష్యుడు దిగకుండ పై నుండియే తిప్పి దించు బోరు సలాకతో రెండు మూడు తావుల పరీక్ష చేసి, ఏ లోతున ఏ మన్ను వచ్చినదో వ్రాసికొనవలెను.

రేగడిని గూర్చి విశేషముగా జాగ్రత్త పడవలెను. అది వేసవిలో ఎండి బీటలు వారును. వానకాలమున నీరు పీల్చి ఉబ్బును. ఆ ఉబ్బు గోడను ప్రక్క నుండి నెట్టును. కావున మాళిగ గోడ వెనుక సందును రేగడితో పూడ్పరాదు. త్రవ్వినప్పుడే రేగడిని వేఱుగను, మొరమును వేఱుగను పోసి, మొరమునే పూడ్చుటకు వాడుకొనవలెను.

రెండవది నీరు. వైరా జలాశయము నిజాము ప్రభుత్వ కాలమున 1930 ప్రాంతమున నిర్మింపబడినది. ఈ మండలమున నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు కూడ పాఱుచున్నది. చెఱువునకును, కాలువకును, వరిపొలమునకును సమీపమున భూగర్భజలము పైకి వచ్చి యుండును. పైగా ఖమ్మము జిల్లాలో సంవత్సరమునకు సుమారు 1000 మిల్లీమీటర్లకు మించిన వర్షము కురియును. అందు అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకే పడును. మే నెలలో బావిని చూచి “నీరు ముప్పది అడుగుల క్రింద నున్నది” అని ధైర్యపడిన వారు, కార్తీక మాసమున అదే బావిని మరల చూడవలెను. నీరు మాళిగ అడుగు కంటె ఎగువకు వచ్చుచున్నచో ఆ తావున మాళిగ తలపెట్టకుండుటయే మేలు.

నీటి బలము ఎంతటిదో లెక్కతో చూడుడు. ఒక ఘనపుటడుగు నీరు సుమారు 28 కిలోల బరువుండును. గోడలతో కూడ 15 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు గల మాళిగ అడుగుభాగమునకు 5 అడుగుల ఎత్తున బయటి నీరు నిలిచినదనుకొందము. వైశాల్యము 195 చదరపుటడుగులు. దానిని 5 చేతను, 28 చేతను గుణింపగా 27,300 కిలోలు, అనగా 27 టన్నులకు మించిన బలము మాళిగను క్రింది నుండి పైకి నెట్టుచుండును. పలుచని గచ్చు దానికి ఆగదు.

పూర్వము మన పల్లెలలో జొన్నలు మొదలగు ధాన్యమును పాతరలలో నిలువ చేసెడివారు. వారు పాతరకు మెరక నేలను, నీరు నిలువని తావును ఏరుకొనిరే గాని ఎక్కడ ఖాళీ యున్న అక్కడ త్రవ్వలేదు. ఆ వివేకము నేటికిని పనికివచ్చును.

2. తీయవలసిన మన్ను ఎంత?

ఇప్పుడు గణితమునకు వత్తము. లోపలి కొలత 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల మాళిగ కావలెననుకొందము. లెక్క యెఱుగనివాడు ఈ మూడింటిని గుణించి “960 ఘనపుటడుగుల మన్ను తీసిన చాలును” అనును. ఇది గొప్ప పొరపాటు. ఏలయన, గదికి గోడలు కావలెను గదా? గోడ మందము అడుగున్నర. గోడను కట్టు మేస్త్రీ నిలుచుటకును, గోడ వెలుపలి వైపున నీరు చొరకుండ పూత పూయుటకును గోడ వెనుక అడుగున్నర సందు కావలెను. అనగా ప్రతి వైపునను 3 అడుగులు కలుపవలెను. క్రింద కంకర పఱపునకును గచ్చునకును ఒక అడుగు లోతు అధికముగా త్రవ్వవలెను.

కావున గోతి అడుగున పొడవు 12 + 6 = 18 అడుగులు; వెడల్పు 10 + 6 = 16 అడుగులు; లోతు 8 + 1 = 9 అడుగులు. ప్రక్కలు నిట్టనిలువుగా నున్నచో మన్ను 18 × 16 × 9 = 2,592 ఘనపుటడుగులు. 960 ఎక్కడ, 2,592 ఎక్కడ!

అంతటితో ముగియలేదు. తొమ్మిది అడుగుల లోతు గోతి ప్రక్కలు ఊతము లేక నిట్టనిలువుగా నిలువవు. అవి విరిగిపడకుండుటకు రెండు మార్గములు గలవు. మొదటిది, ప్రక్కలను ఏటవాలుగా కోయుట. సామాన్యమైన మంటిలో ఒక అడుగు లోతునకు ఒక అడుగు వెలుపలికి కోయవలెననుకొందము. అప్పుడు గోతి పైభాగమున పొడవు 18 + 18 = 36 అడుగులు, వెడల్పు 16 + 18 = 34 అడుగులు అగును. క్రింద ఇఱుకుగను, పైన విశాలముగను ఉన్న ఇట్టి గోతి ఘనఫలమును కనుగొనుట యెట్లు?

దీనికి మన దేశపు పూర్వ గణితజ్ఞులు చక్కని సూత్రమును చెప్పి యున్నారు. బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున “ఖాత వ్యవహారము” అను భాగము గలదు. ఖాతమనగా త్రవ్విన గోయి. తొమ్మిదవ శతాబ్దివాడైన మహావీరాచార్యుడును తన గణితసారసంగ్రహమున త్రవ్వకపు లెక్కలకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించెను. ఆ గణితసారసంగ్రహమునే మన పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. బ్రహ్మగుప్తుని పద్ధతిని మన గోతికి పట్టించి చూతము.

మొదటి మెట్టు: పై క్రింది పొడవుల సగటు (36 + 18) ÷ 2 = 27. వెడల్పుల సగటు (34 + 16) ÷ 2 = 25. వీనిని లోతుతో గుణింపగా 27 × 25 × 9 = 6,075. ఇది వ్యవహార ఫలము. నిజమున కంటె తక్కువ.

రెండవ మెట్టు: పై వైశాల్యము 36 × 34 = 1,224. క్రింది వైశాల్యము 18 × 16 = 288. వీని సగటు 756. లోతుతో గుణింపగా 6,804. ఇది స్థూల ఫలము. నిజమున కంటె ఎక్కువ.

మూడవ మెట్టు: ఈ రెండింటి భేదము 729. అందు మూడవ వంతు 243. దీనిని మొదటి ఫలమునకు కలుపగా 6,318 ఘనపుటడుగులు. ఇదియే సూక్ష్మ ఫలము, అనగా సరియైన కొలత.

ఇదే లెక్కను భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు మఱియొక రీతిగా చెప్పెను. పై వైశాల్యము, క్రింది వైశాల్యము, పొడవుల మొత్తమును వెడల్పుల మొత్తముతో గుణించిన ఫలము — ఈ మూడింటిని కూడి, ఆఱింట భాగించి, లోతుతో గుణింపవలెను. 1,224 + 288 + (54 × 50) = 4,212. దీనిని 6 చేత భాగింపగా 702. తొమ్మిదింట గుణింపగా 6,318. రెండు దారులును ఒకే ఊరు చేరినవి. నేటి ఇంజనీర్లు వాడు సూత్రమును ఇదియే.

ఇక నొక చిక్కు చూడుడు. మన పట్టణమున రెండువందల గజముల స్థలమనగా 1,800 చదరపుటడుగులు; 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలమని తలంపుడు. మన ఏటవాలు గోతి పైన 36 అడుగులును 34 అడుగులును ఉన్నది. దానిని ఎటు త్రిప్పినను 30 అడుగుల వెడల్పులో పట్టదు! పొరుగువాని స్థలములోనికి రెండు మూడు అడుగులైనను పోవలసివచ్చును. ఈ సంగతి గడ్డపార పట్టిన పిమ్మట తెలియుట కంటె పెన్సిలు పట్టినప్పుడే తెలియుట మేలు గదా?

కాబట్టి రెండవ మార్గమును అవలంబింపవలెను. అది గోతి ప్రక్కలను నిలువుగా కోసి, పలకలు నిలిపి, వాసములతోను అడ్డు దుంగలతోను ఊతమిచ్చుట. అప్పుడు మన్ను 2,592 ఘనపుటడుగులే. గోతి వెడల్పు 16 అడుగులు గనుక ఇరువైపుల ఏడేసి అడుగులు మిగులును. పొరుగు గోడ పునాది 4 అడుగుల లోతున నున్నదనుకొన్నచో, మన గోతి దానికంటె 5 అడుగులు దిగువకు పోవును. దూరము 7 అడుగులు, అదనపు లోతు 5 అడుగులు. దూరము లోతుకంటె ఎక్కువగా నున్నది. తక్కువగా నుండినయెడల ఇంజనీరును అడుగక త్రవ్వరాదు.

3. పని, కూలి, బండ్లు

ఇక వ్యయమును చూతము. ఈ క్రింది ధరలన్నియు లెక్క చూపుటకై అనుకొన్నవే. విద్యార్థులు తమ యూరిలో ఆయా ధరలను విచారించి, వీని స్థానమున వేసికొని మరల లెక్క కట్టవలెను.

గోతి అడుగు వైశాల్యము 18 × 16 = 288 చదరపుటడుగులు. పరీక్షలో పైన 3 అడుగులు రేగడి, తరువాత 4 అడుగులు మొరము, పిమ్మట 2 అడుగులు కుళ్లిన రాయి వచ్చినవనుకొందము. అప్పుడు రేగడి 864, మొరము 1,152, కుళ్లిన రాయి 576. మొత్తము 2,592 ఘనపుటడుగులు.

త్రవ్వువాడొకడు, తట్ట మోయువారొకరు కలిసి ఒక జత. ఒక జత దినమునకు రేగడి 72, మొరము 48, కుళ్లిన రాయి 24 ఘనపుటడుగులు తీయుదురనుకొందము. అప్పుడు రేగడికి 12, మొరమునకు 24, రాతికి 24. మొత్తము 60 జతల దినములు, అనగా 120 మనుష్య దినములు.

మఱియొక సంగతి కలదు. ఐదు అడుగుల లోతు దాటిన పిమ్మట క్రింది మనుష్యుడు తట్టను పైవానికి అందింపలేడు. నడుమ మెట్టు మీద నొకడు నిలిచి అందుకొనవలెను. ప్రభుత్వపు పనులలో కూడ మంటిని మోయు దూరమును, ఎత్తు ఎత్తును వేఱువేఱుగ లెక్కించు నియమము గలదు. సామాన్యముగా 50 మీటర్ల దూరమును, ఒకటిన్నర మీటరు ఎత్తును దాటిన పనికి అదనముగా ఇత్తురు. మన గోతిలో ఐదడుగుల క్రింద నున్న మన్ను 288 × 4 = 1,152 ఘనపుటడుగులు. దినమునకు 48 చొప్పున 24 మనుష్య దినములు అధికము. వెరసి 144 మనుష్య దినములు. దినకూలి రూ. 600 చొప్పున రూ. 86,400.

తరువాత మంటిని తరలించుట. త్రవ్విన మన్ను వదులై ఉబ్బును. గోతిలో నాలుగు గంపలున్నది గట్టుపై ఐదు గంపలగును. గోడలతో కూడ మాళిగ ఆక్రమించు చోటు 15 × 13 × 9 = 1,755 ఘనపుటడుగులు. గోడ వెనుక పూడ్చుటకు కావలసినది 2,592 − 1,755 = 837. కావున బయటికి పంపవలసినది గోతి కొలత ప్రకారము 1,755; ఉబ్బిన తరువాత నాలుగవ వంతు కలిసి సుమారు 2,194 ఘనపుటడుగులు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల ట్రాక్టరు ట్రాలీలో 90 ఘనపుటడుగులు పట్టును. 2,194ను 90 చేత భాగింపగా 24 దాటి కొంత మిగులును గనుక 25 ట్రిప్పులు. ట్రిప్పునకు రూ. 800 చొప్పున రూ. 20,000.

పూడ్చి దిమ్మిస చేయుటకు 9 మనుష్య దినములు: రూ. 5,400.

పలకల ఊతము: గోతి చుట్టుకొలత 68 అడుగులు, లోతు 9; ప్రక్కల వైశాల్యము 612 చదరపుటడుగులు. చదరపుటడుగునకు అద్దెయు పనియు కలిపి రూ. 40 చొప్పున రూ. 24,480.

నీరు తోడు పంపు అద్దె 15 దినములకు దినము రూ. 500 చొప్పున రూ. 7,500.

ఈ అయిదింటిని కూడగా రూ. 1,43,780. అనుకొనని సంగతులకు నూటికి పది చొప్పున రూ. 14,378 కలుపవలెను. మొత్తము రూ. 1,58,158. ఇది త్రవ్వుటకు మాత్రమే. గోడలు, గచ్చు, కప్పు, మెట్లు, నీరు చొరకుండ చేయు పూత వేఱు.

960 ఘనపుటడుగులే యని తలంచినవాని లెక్క యేమి? దినమునకు 48 చొప్పున 20 జతల దినములు, అనగా 40 మనుష్య దినములు, రూ. 24,000. అతడు అంత ధనమునే చేతనుంచుకొని పని ప్రారంభించును. గోయి సగము కాకమునుపే సొమ్ము అయిపోవును. అటుపిమ్మట ఎక్కువ వడ్డీకి అప్పు తేవలెను, లేదా గోతిని అట్లే విడువవలెను. విడిచిన గోయి వానకాలమున చెఱువగును. పసిపిల్లలకు, పశువులకు ప్రాణాపాయము. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్క చూచుకొనవలెనని సువార్తయందు ప్రభువు చెప్పిన ఉపమానమును మనమందఱము ఎఱుగుదుము. అది ఆత్మ సంబంధమైన బోధయే యైనను, అందలి లౌకిక వివేకమును మనము పాటింపదగినదియే.

4. యంత్రముతో త్రవ్విన నెట్లుండును?

జే.సి.బి. యని జనులు పిలుచు త్రవ్వు యంత్రము నేడు ప్రతి మండలమునను దొరకుచున్నది. 2,592 ఘనపుటడుగులనగా సుమారు 73 ఘనపు మీటర్లు. గంటకు 10 ఘనపు మీటర్ల చొప్పున ఎనిమిది గంటల పని. గంటకు అద్దె రూ. 1,200 అనుకొన్నచో రూ. 9,600. మూలలు, అడుగు సరిచేయుటకు 24 మనుష్య దినములు: రూ. 14,400. మొత్తము రూ. 24,000. చేతిపనికి అయిన రూ. 86,400తో పోల్చగా రూ. 62,400 మిగులును. తక్కిన వ్యయములు మాఱవనుకొన్నచో మొత్తము రూ. 81,380; నూటికి పది కలుపగా రూ. 89,518.

అయితే యంత్రము నిలుచుటకు చోటు, లోనికి వచ్చుటకు దారి కావలెను. ఇల్లు కట్టిన పిమ్మట దాని క్రింద యంత్రము పోజాలదు. చేతితోనే త్రవ్వవలెను, ఆ పని ఉన్న పునాదులకే చేటు తెచ్చును. కాబట్టి మాళిగ కావలెనన్నచో ఇంటికి పునాది వేయుటకు మునుపే నిశ్చయించుకొనవలెను. ఇల్లు పూర్తియైన తరువాత పుట్టిన కోరికకు ఇంటి ప్రక్కన నేల మీదనే యొక కొట్టు గది కట్టించుకొనుట చౌక, క్షేమము కూడను. యంత్రము ఏడెనిమిది టన్నుల బరువుండును గనుక త్రవ్విన గోతి అంచునకు దానిని చేరనీయరాదు.

5. లెక్కలో చేర్చరాని వ్యయము

ధనమును ఎంతైనను లెక్క వేయవచ్చును; మనుష్యుని ప్రాణమునకు వెల లేదు. ఒక ఘనపు మీటరు మన్ను ఒకటిన్నర టన్నులకు మించిన బరువుండును. అది ఛాతీపై పడిన మనుష్యుడు తల వెలుపలనున్నను ఊపిరి తీయలేడు. గోతి ప్రక్క విరిగిపడుటకు ఒక క్షణము చాలును. పారిపోవుటకు వ్యవధి యుండదు. కావున ఈ నియమములను తప్పక పాటింపవలెను.

ఒకటిన్నర మీటరు, అనగా ఐదడుగుల లోతు దాటిన గోతిలోనికి ఏటవాలు గాని, పలకల ఊతము గాని లేక ఎవ్వరిని దింపరాదు. తీసిన మంటిని గోతి అంచునకు కనీసము ఐదడుగుల దూరమున పోయవలెను. ఏలయన అంచున పోసిన కుప్ప బరువే ప్రక్కను విరుచును. ఎక్కి దిగుటకు నిచ్చెన ఎల్లప్పుడు గోతిలో నుండవలెను. వాన కురిసిన మఱునాడు ప్రక్కలలో బీటలున్నవేమో చూచిన తరువాతనే పని సాగింపవలెను. నూనె యింజనుతో నడచు పంపును గోతిలో దింపరాదు. దాని పొగయందు రంగును వాసనయు లేని విషవాయువు గలదు. చాలకాలము మూసియుంచిన పాతరలోను, పాడుబావిలోను కూడ గాలి చెడియుండును. పాతరలోని గింజలు సయితము ఊపిరి పీల్చి బొగ్గుపులుసు గాలిని విడుచును. అది సామాన్యమైన గాలికంటె బరువైనది గనుక అడుగున నిలిచియుండును. పూర్వులు పాతర మూత తీసి గాలి ఆడనిచ్చిన తరువాతనే దిగుట ఇందువలననే. ఒకడు పడిపోగా రక్షింపబోయి రెండవవాడును దిగి ప్రాణము కోల్పోవుట జరుగుచుండును. అట్టి సమయమున లోనికి దుమికరాదు. పై నుండి గాలి పంపుచు, అగ్నిమాపక దళమును పిలువవలెను.

పలకలకు రూ. 24,480 వృథాయని తోచి, “నాలుగు దినముల పనికి ఊతమేల?” అని అడుగువారు ఉందురు. మన లెక్కలో ఆ సొమ్ము మొత్తములో ఆఱవ వంతైనను కాదు. దానిని మిగుల్చుకొనుట యనగా పరుల ప్రాణమును పణముగా పెట్టుటయే.

6. కొలతయందు న్యాయము

త్రవ్వకపు పనిని దినకూలికి గాక కొలత మీద గుత్తకిచ్చుట కూడ గలదు. అప్పుడు తగవులు పుట్టును. గోతిని కొలువవలెనా, కుప్పను కొలువవలెనా? 480 ఘనపుటడుగుల గోతి నుండి వచ్చిన మన్ను గట్టుపై 600 అగును. కూలివారికి గోతి కొలత, బండివానికి కుప్ప కొలత అని ముందే వ్రాసికొన్నచో ఎవ్వరికిని నష్టము లేదు. నేల ఎగుడుదిగుడుగా నున్నప్పుడు లోతును పలుచోట్ల కొలిచి సగటు తీయవలెను. విశాలమైన గోతులయందు నడుమ నడుమ త్రవ్వక విడిచిన మంటి దిబ్బలను కొలత ముగియువఱకు సాక్షిగా ఉంచుదురు. మొదటి నేల ఎత్తు ఎంతయో ఆ దిబ్బలే చెప్పును. కొలత ముగిసిన తరువాతనే వానిని తీసివేయవలెను.

లెక్క తెలియని కూలివానిని మోసగించుట సులభము. కాని వాని బిడ్డ నేడు మన పాఠశాలలో మీ ప్రక్కనే కూర్చుండి గుణకారము నేర్చుకొనుచున్నాడు. విద్యార్థులారా, సెలవులలో మీ యూరిలో త్రవ్వకము జరుగుచున్నచోటికి టేపు పట్టుకొని పోయి, గోతి అంచునకు దూరముగా నిలిచి, పొడవు వెడల్పు లోతులను అడిగి తెలిసికొని, లెక్క కట్టి చూడుడు. చదువు రానివారు అడిగినచో వారి కూలి లెక్కను వారికి చదివి చెప్పుడు. గణితము పరీక్షల కొఱకే యని తలంచువారికి దాని ప్రయోజనము అప్పుడు తెలియగలదు.

అభ్యాసములు

(1) లోపల 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల మాళిగకు, గోడ మందము, పని సందు, గచ్చు లోతు పైన చెప్పినట్లే యున్నచో, నిలువు గోతి ఘనఫలమెంత? అడుగునకు అడుగు ఏటవాలైనచో బ్రహ్మగుప్తుని పద్ధతిని ఎంత వచ్చును?
(2) గోతి కొలత 1,320 ఘనపుటడుగులు. మన్ను నూటికి 30 వంతున ఉబ్బును. 11 అడుగులు, 6 అడుగులు, అడుగున్నర కొలతలు గల ట్రాలీతో ఎన్ని ట్రిప్పులు కావలెను?
(3) 12 అడుగులు, 10 అడుగులు, సగటు లోతు 4 అడుగులు గల గోతికి ఘనపుటడుగునకు రూ. 15 చొప్పున ఒప్పందము. యజమాని నేల పల్లముగా నున్న మూలన లోతు కొలిచి మూడున్నర అడుగులని లెక్క కట్టెను. కూలివారికి కలిగిన నష్టమెంత?

జవాబులు: (1) 1,792, సుమారు 4,395 ఘనపుటడుగులు. (2) 18. (3) రూ. 900.